ఇరవై మూడు ఓట్ల పందెం

మా ఊరు బెల్డింగ్‌లో మంచు తోసే ట్రక్కు నడిపే ఓడెట్ ఫూర్నియే జనవరి మొదటి సోమవారం పొద్దున్న ఏడింటికి, జినెట్ టిఫిన్ కొట్లో నోరు జారింది. నోరు జారిందంటే అబద్ధం చెప్పిందని కాదు. నిజమే చెప్పింది. ముప్పై ఆరేళ్ళు కడుపులో దాచుకున్న నిజం కదా, బయటికొచ్చేటప్పుడు కాస్త గట్టిగా వచ్చింది, అంతే.

మా రాష్ట్రానికి ఒక గొప్పుంది. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ దేశం మొత్తం మీద ముందు మా న్యూ హాంప్‌షైర్‌లోనే జరుగుతుంది. అదీ నట్టచలికాలంలో. నాలుగేళ్ళకోసారి పెద్దపెద్దవాళ్ళు మా ఊళ్ళకొచ్చి, జినెట్ వేసిన పాన్‌కేకులు ఇష్టం లేకపోయినా నవ్వుతూ తిని, మా చేతులు పట్టుకు ఊపేసి పోతారు. ఎవరు గెలుస్తారన్న గోల టీవీవాళ్ళది. మా ఊళ్ళో ఎవరికి ఎక్కువ పడతాయో మాకు ముందే తెలుసు. మా గొడవంతా మెజారిటీ ఎంత అని! దానిమీదే పందెం. ఐదు డాలర్లు, చీటీ మీద ఒక అంకె, జినెట్ బల్ల మీదున్న ఊరగాయ జాడీలో పడేయడం. మా ఊరి లెక్కకి ఎవరి అంకె దగ్గరగా ఉంటే జాడీ వాళ్ళది. పైగా గోడమీది చెక్కపలక మీద వాళ్ళ పేరు రంగుతో రాస్తారు. జాడీ ఎవడిక్కావాలి, ఆ పలక కోసం చచ్చిపోతారు మావాళ్ళు.

ఆ పలక మీద తొమ్మిది పేర్లున్నాయి. అందులో ఐదుసార్లు ఒకటే పేరు, లియోన్ ఫూర్నియే. ఓడెట్ మొగుడు. కిందటి ప్రైమరీలో అయితే సరిగ్గా అంకెకి అంకె కొట్టాడు, ఊరంతా భుజాల మీద మోసింది. రెండేళ్ళ కిందట గుండెపోటొచ్చి పోయాడు, మంచి మనిషి.

ఆ సోమవారం ఎల్విన్ టటల్ కాఫీ ఊదుకుంటూ ఆ పలక వంక చూసి నిట్టూర్చాడు. ఎల్విన్‌ది మేపుల్ చెట్ల రసం మరిగించి పాకం కాచే షెడ్డు. చిన్నప్పుడు బళ్ళో ఓడెట్ పక్క బెంచీ. అరవై దాటినా ఇద్దరూ ఇంకా పలకలు లాక్కునే పిల్లల్లాగే దెబ్బలాడుకుంటారు.

"లియోన్ పోయాక ఈ ఊళ్ళో లెక్క తెలిసిన మొనగాడే లేకుండా పోయాడు," అన్నాడు ఎల్విన్.

ఓడెట్ ఫోర్కు కింద పెట్టింది. "మొనగాడు ఎప్పుడూ లేడు. ఆ లెక్కలన్నీ వేసింది నేను. ఆయన చీటీ తెచ్చి జాడీలో పడేసేవాడు."

 జినెట్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. కొందరు నవ్వారు. కొందరు పాపం అన్నట్టు చూశారు, ఆ చూపుకే ఓడెట్‌కి ఒళ్ళు మండింది.

"ఏమే, పోయినోడి పేరు కూడా లాక్కుంటావా?" అన్నాడు ఎల్విన్. నవ్వుతూ అనలేదు.

"లాక్కోవడమేంట్రా! నాది నేను అడుగుతున్నాను."

"అయితే రుజువు చెయ్యి. దగ్గర దగ్గరగా కొట్టడం కాదు, అది ఎవరైనా కొడతారు. లియోన్ కొట్టినట్టు సరిగ్గా కొట్టు. కొడితే ఆ ఐదు పేర్లూ నా చేత్తో నేనే గీకి, నీ పేరు రాస్తాను. ఒక్కటి తప్పినా సరే, ఇంక జన్మలో ఆ మాట ఎత్తకూడదు. పైగా సరస్సు మీద మీ చేపల గుడిసె నాది."

ఆ గుడిసె లియోన్ కట్టింది. సరస్సు గడ్డకట్టగానే లాక్కెళ్ళి మంచు మీద నిలబెడతారు. లోపల చిన్న పొయ్యి, గాలం వెయ్యడానికి నేలలో కన్నం, రెండు బల్లలు. ఓడెట్‌కి శనివారాలంటే ఆ గుడిసే. లియోన్ పడవ అమ్మేసింది, తుపాకీ అమ్మేసింది. గుడిసె మాత్రం ఎవరడిగినా కుదరదంది. అలాంటిది ఎల్విన్ మాట పూర్తికాకముందే చెయ్యి చాపేసింది.

"సరే, పందెం!"

"అక్కా, ఆలోచించుకోవే," అంది జినెట్.

"ముప్పై ఆరేళ్ళు ఆలోచించాను, చాలు."

ఆ తర్వాత రెండు వారాలూ ఓడెట్ వంటింట్లో దీపం త్వరగా ఆరితే ఒట్టు. ఆమె లెక్క మామూలు లెక్క కాదు. మంచు పడ్డ ప్రతి పొద్దునా ఊళ్ళో ప్రతి వాకిలీ ఆమె ట్రక్కు తోయాల్సిందే. తోస్తూ తోస్తూ వాకిట్లో కాఫీ తాగుతుంది, కాఫీతో పాటు కబుర్లూ తాగుతుంది. అందుకే తను మంచు తోసే వరుసలోనే ఇళ్ళు రాసుకుంటుంది. ఈసారి ఒక పార్టీలోనే పోటీ ఉంది, హాస్కెల్‌కీ డ్రేక్‌కీ. ఏ పార్టీకీ చెందనివాళ్ళు కూడా ఆ పొద్దున ఏ పార్టీ ఓటు కాగితం కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు, కాబట్టి లెక్క ఇంకా గజిబిజి.

వాకిట్లో డ్రేక్ బోర్డు పాతినంత మాత్రాన ఆ ఇంటివాళ్ళు డ్రేక్‌కి వేస్తారని ఓడెట్ నమ్మదు. గ్రాండన్ వాళ్ళింటి ముందు డ్రేక్ బోర్డు ఉంది. అది ఇంటాయనకి పక్కింట్లో ఉండే తమ్ముడి మీద పంతం. లోపల ఆవిడ మాత్రం హాస్కెల్ వచ్చి తన దూడని నిమిరి వెళ్ళాడని వారం రోజులు చెప్పుకు మురిసిపోయింది. ఆవిడ ఓటెవరికో వేరే చెప్పాలా? బడి పంతులమ్మ ఇద్దరినీ తిడుతుంది, కాగితం మీద తన కుక్క పేరు రాస్తుంది, ప్రతిసారీ అంతే. అలాంటి పిచ్చి ఓట్లు ఏడు. ఇల్లిల్లూ, మనిషి మనిషీ నాలుగుసార్లు కూడింది. నాలుగుసార్లూ ఒకటే వచ్చింది. హాస్కెల్‌కి ఇరవై మూడు మెజారిటీ.

ఆ అంకె రాసి చీటీ జాడీలో పడేసింది. ఎల్విన్ తన చీటీలో నలభై రాశాడు. "ఇరవై మూడట! గుడిసెకి ఏ రంగెయ్యాలో చూసుకుంటాను," అన్నాడు.

ఓటింగు రోజు, మంగళవారం, తెల్లారేసరికి మోకాలు దాటి మంచు. ఓడెట్ కిటికీలోంచి చూసి "ఓరి నాయనో!" అని అరిచింది. మంచుకి భయపడి ఎవడు ఇంట్లో కూర్చున్నా తన అంకె గోవిందా! హాస్కెల్ మనిషైనా సరే, డ్రేక్ మనిషైనా సరే, జాబితాలో ఉన్న ప్రతివాడూ టౌను హాలుకి రావాల్సిందే. బూట్లు తొడుక్కుని, జాబితా స్టీరింగు పక్కన గుచ్చి, ట్రక్కు ఎక్కింది. ఆరోజు ఆమె నడిపిన నడుపుడు ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామూలుగా ఒకసారి తోసే వాకిలి రెండుసార్లు తోసింది. గాలికి మళ్ళీ పూడిపోతే మూడోసారి తోసింది. ఓటేసొచ్చినవాడి పేరు పక్కన గీత, ఇంకో వాకిలి, ఇంకో గీత.

తొంభై ఒక్కేళ్ళ హెస్టర్ లాంగ్ కొండమీదింట్లో ఒంటరిగా ఉంటుంది. ఓడెట్ ఆవిణ్ణి చంకల కింద చేతులేసి ట్రక్కులోకి ఎత్తింది.

"నేను డ్రేక్‌కి వేస్తానే పిల్లా. నీకు తెలుసుగా?" అంది హెస్టర్ అనుమానంగా.

"తెలుసు పెద్దమ్మా, అందుకే వచ్చాను. గట్టిగా పట్టుకో."

"మీ హాస్కెల్ ఓడిపోతాడేమో!"

"ఓడిపోడు. కానీ నువ్వు రాకపోతే నేను ఓడిపోతాను."

మధ్యాహ్నం మూడింటికి జాబితాలో ఇరవై పేర్లు మిగిలాయి. అందులో రెండు ఎల్విన్, అతని పెళ్ళాం వెర్నా. ఎల్విన్ ట్రాక్టరు మొరాయించి షెడ్డు ముందే కూలబడింది. వాకిలి పూడిపోయింది. ఓడెట్ ట్రక్కు సర్రున లోపలికి దూసుకొచ్చి, ఎల్విన్ గుమ్మం దాకా మంచు తోసి పడేసింది. ఎల్విన్ తలుపు తీసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నిన్ను పిలిచానా?"

"పిలవక్కర్లేదు. కోటు తొడుక్కో. ఎక్కు."

ఎల్విన్ ఆమె వంక చూశాడు, ట్రక్కులో గుచ్చిన జాబితా వంక చూశాడు. మొహం వెలిగిపోయింది. "ఓహో! నేను ఓటెయ్యకపోతే నీ లెక్క ఒకటి తప్పుతుంది కదే! ఊరికే ఇంట్లో కూర్చుంటే చాలు, గుడిసె నాది!"

 ఇంత చిన్న సంగతి ఓడెట్‌కి తట్టనే లేదు. "తప్పుతుంది," అంది. అబద్ధం ఆడడం చేతకాదు ఆమెకి. "నీ ఇష్టంరా. కూర్చో. పద్దెనిమిదో ఏడు నిండినప్పట్నుంచి ఒక్క ఓటు మానలేదని డబ్బా కొట్టుకుంటావుగా, ఇవాళ మానెయ్. ఎందుకు మానేశావని అడిగితే చేపల గుడిసె కోసం అని చెప్పు."

 లోపల్నుంచి వెర్నా కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "నువ్వు రాకపోతే ఈ రాత్రి ఆ గుడిసెలోనే పడుకో. పద!"

 ఎల్విన్ టౌను హాలు ముందు దిగి, తలుపు వెయ్యబోతూ "డ్రేక్‌కే వేస్తాను, చూసుకో," అన్నాడు ఉక్రోషంగా.

"నా జాబితాలో అలాగే ఉందిరా," అంది ఓడెట్.

సాయంత్రం ఆరూ యాభైకి, ఆఖరి మనిషిని కొండమీద ఇంటి దగ్గర దింపాక, ఆ పేరు పక్కన గీత పడింది. అందరూ వచ్చారు! ఒక్కడంటే ఒక్కడు మిగల్లేదు! ఓడెట్ స్టీరింగు మీద తల పెట్టుకుని పకపకా నవ్వింది. పొద్దుటి నుంచి ఒక డోనట్టు తప్ప ఏమీ తినలేదు, చేతులు కొయ్యబారిపోయాయి, అయినా మనసు ఎగిరి గంతులేస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది. జినెట్.

"అక్కా, జాబితా సంగతి సరే. నువ్వు ఓటేశావా?"

"అమ్మ బాబోయ్!"

ఏడింటికి తలుపులు మూసేస్తారు. ట్రక్కు కొండ దిగిన వేగానికి మలుపులో వెనక చక్రాలు అడ్డంగా జారాయి. టౌను హాలు గుమ్మంలో హైరమ్ కోల్బీ గడియారం చూస్తూ నిలబడ్డాడు. మా ఊళ్ళో ఓటింగు నడిపించేది ఆయనే, తన సొంత తల్లినైనా ఏడు దాటితే లోపలికి రానియ్యడు.

"రెండు నిమిషాలు, ఓడెట్," అన్నాడు.

"ఒక్కటి చాలు!" అని బూట్ల మంచుతోనే లోపలికి పరిగెత్తింది. హాస్కెల్ పేరు పక్కన ఇంటూ పెట్టి, చెక్కపెట్టె కన్నంలోంచి కాగితం వదిలేసింది. ఆమె వెనకే తలుపు పడింది.

మా ఊళ్ళో ఓట్లు చేత్తోనే లెక్కపెడతారు. ఎవరైనా కూర్చుని చూడొచ్చు. ఆరోజు బల్లలు చాలక జనం గోడలకి ఆనుకు నిలబడ్డారు. ఒక మూల చర్చి ఆడవాళ్ళు ఉడికించిన చిక్కుడు గింజలూ, మాంసం కూరి కాల్చిన పైలూ వడ్డిస్తున్నారు గానీ తినేవాడెవడు! అధ్యక్షుడెవరవుతాడో కనుక్కునే మనిషి ఆ హాల్లో ఒక్కడు లేడు. అందరి కళ్ళూ ఓడెట్ మీదా, ఎల్విన్ మీదా.

హైరమ్ యాభై యాభై కట్టలు కట్టించి చదివించాడు. మొదటి యాభై అయ్యేసరికి డ్రేక్ ఐదు ముందున్నాడు. ఎల్విన్ చప్పట్లు కొట్టాడు. "ఇరవై మూడెక్కడే?"

"ఆగు, పొద్దున్నే పాలు పితికి వచ్చినవాళ్ళ ఓట్లవి. వాళ్ళు డ్రేక్ మనుషులు," అంది ఓడెట్.

రెండో కట్టకి హాస్కెల్ ఐదు ముందుకొచ్చాడు. మూడో కట్టకి పదిహేడు. నాలుగో కట్టకి ఇరవై రెండు! హాలు హోరెత్తిపోయింది. ఇంకా పంతొమ్మిది కాగితాలున్నాయి. అవి హైరమ్ ఒక్కొక్కటే పైకెత్తి చదవసాగాడు. హాస్కెల్, ఇరవై మూడు. డ్రేక్, ఇరవై రెండు. డ్రేక్, ఇరవై ఒకటి. "ఆగవయ్యా, ఊపిరి తీసుకోనీ!" అని ఎవరో అరిచారు. పంతులమ్మ కుక్క పేరు వచ్చింది, అందరూ నవ్వారు, ఓడెట్ నవ్వలేదు. హాస్కెల్, డ్రేక్, హాస్కెల్, హాస్కెల్. జినెట్ గోళ్ళు ఓడెట్ చేతిలోకి దిగిపోతున్నాయి.

పద్దెనిమిదో కాగితం చదివేసరికి హాస్కెల్ నూట పదిహేడు, డ్రేక్ తొంభై నాలుగు. ఇరవై మూడు! పెట్టెలో ఇంకొక్క కాగితం.

"పిచ్చి ఓటు అవ్వాలి, పిచ్చి ఓటు అవ్వాలి," అని జినెట్ జపం చేస్తోంది.

హైరమ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "హాస్కెల్."

ఇరవై నాలుగు.

హాలంతా ఒక్కసారి ఉస్సురంది. ఎల్విన్ కుర్చీలోంచి లేచి ఎగిరాడు. "ఒక్కటి! ఒక్కటి తప్పింది! ఇటు తే తాళంచెవి!"

ఓడెట్ కోటు జేబులోంచి గుడిసె తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.  ఏడవకూడదని పళ్ళు బిగించింది.

"ఇంక ఆ మాట ఎత్తవుగా?" అన్నాడు ఎల్విన్.

"ఎత్తను," అంది.

జాడీ ఆమెకే వచ్చింది, ఆమె అంకే అందరికంటే దగ్గర. ఆ సంగతి ఆమెకి వినపడలేదు. జాబితా బల్ల మీద పరుచుకుని వేలు పెట్టి చదువుకుంటోంది. ఎవరు మాట తప్పారు? ఎవరూ తప్పలేదే! ఒకడు ఇటు వెయ్యాల్సింది అటు వేస్తే తేడా రెండు రావాలి గానీ ఒకటి రాదు. పిచ్చి ఓట్లు సరిగ్గా ఏడే వచ్చాయి. తన జాబితాలో రెండు వందల పద్దెనిమిది మంది. పెట్టెలో రెండు వందల పంతొమ్మిది కాగితాలు. ఎవరో ఒక మనిషి ఎక్కువొచ్చాడు. ఎవడు వాడు?

ఎల్విన్ ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. గెలిచినవాడు కదా, ఇంకాస్త ఏడిపిద్దామని వచ్చాడు. రెండు పేజీలూ పైనుంచి కిందిదాకా చూశాడు. తన పేరు, వెర్నా పేరు, పక్కన డ్రేక్, డ్రేక్ అని సరిగ్గా రాసి ఉండడం చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమే, ఇందులో మీ ఇల్లేదే?"

ఓడెట్ వేలు ఆగిపోయింది.

"మా ఇల్లు నేనెప్పుడూ రాయనురా," అంది మెల్లిగా. "నేను ఎవరికి వేస్తే లియోన్ రెండోవాడికి వేసేవాడు. పెళ్ళైన ఏడాదే మొదలెట్టాడు ఆ అల్లరి. నన్ను ఉడికించడానికి. దాంతో నాదీ ఆయనదీ కొట్టుకుపోయేవి. రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. అందుకని మా ఇల్లు దాటేసి పక్కింటి నుంచి మొదలెట్టేదాన్ని." జాబితాలో మొదటి పేరు మీద వేలు పెట్టింది. "ఈసారీ అలాగే మొదలెట్టాను. ఆయన లేడని నాకు తెలీదా ఏం? ఈ పాడు చేతికి తెలీలేదు."

వెర్నా తన ఊలు శాలువా అంచుతో కళ్ళొత్తుకుంది.  ఎల్విన్ టోపీ తీశాడు.

"తొమ్మిదిసార్లూ ఇలాగే రాశావా?"

"తొమ్మిదిసార్లూ."

"ఓసి పిచ్చిదానా," అన్నాడు. "అవి లియోన్ వేసిన లెక్కలైతే నీ చేతికి ఈ అలవాటు పడేదే కాదు. అన్నీ నువ్వే వేశావే." తాళంచెవి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

ఓడెట్ దాన్ని వెనక్కి తోసేసింది. "తీసుకో! ఒక్కటి తప్పినా నీదే అనుకున్నాం. తప్పింది. జాలి చూపించావంటే కొడతాను."

"పలక మీద పేర్లు మాత్రం రేపు పొద్దున్నే గీకేస్తాను. దానికి అడ్డొచ్చావంటే నేను కొడతాను," అన్నాడు ఎల్విన్.

అంతసేపూ నోట్లో గుడ్డ కుక్కుకుని నిలబడ్డ జినెట్ ఒక్కసారి భోరుమంది. "అయ్యో అక్కా, నేనే కదే చెడగొట్టాను! ఆ ఫోన్ చెయ్యకుండా ఉంటే నువ్వు ఓటెయ్యకపోదువు, ఇరవై మూడే వచ్చేది, గుడిసె నీకే ఉండేది!"

ఓడెట్ ఆమెని దగ్గరికి లాక్కుంది. కళ్ళు కారిపోతున్నాయి, నవ్వు ఆగట్లేదు.

"మంచి పని చేశావే తల్లీ! తొమ్మిదిసార్లు వేశాను, ఒక్కసారైనా నా ఓటు లెక్కలోకి వచ్చిందా? ఇవాళ వచ్చింది. ఆ ఇరవై నాలుగోది నాది," అంది, హాలు చివర గోడకి ఆనుకు నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా.